స్వామి తిరిగి వచ్చేదాకా మనం చేయాల్సిన పని



పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి గురించి మాట్లాడినప్పుడల్లా మా వయసు వాళ్ళు మొదట అడిగేది ఒకటే. "వీరభోగ వసంతరాయలుగా మళ్ళీ వస్తానన్నారు కదా, ఎప్పుడొస్తారు?" ఈ పోస్ట్‌లో తేదీ చెప్తానని చూస్తున్నారేమో. చెప్పను. తేదీ అడగటం దగ్గరే మనం దారి తప్పుతున్నామా అన్నది నా సందేహం. దాని గురించి కాస్త ఓపిగ్గా మాట్లాడుకుందాం.

నేను ఉండేది నల్లగండ్లలో. పని సాఫ్ట్‌వేర్. మా చుట్టూ అన్నిటికీ తేదీ ఉంటుంది. రిలీజ్‌కి తేదీ, ఈఎంఐకి తేదీ, అప్రైజల్‌కి తేదీ. అందుకే దేవుడి రాకకి కూడా కేలెండర్‌లో ఒక గడి వెతుకుతాం. అది సహజమే. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ తేదీ నిజంగా దొరికితే మనం ఏం చేస్తాం?

తేదీ దొరికితే ఏమవుతుంది?

రెండు రకాలుగా దొరకొచ్చు. ఒకటి, చాలా దూరం. పురాణాల లెక్కలో కలియుగం 4,32,000 సంవత్సరాలు. అది క్రీస్తుపూర్వం 3102లో మొదలైందని మన పంచాంగ సంప్రదాయం. అంటే గడిచింది 5,100 ఏళ్ళకి కాస్త అటూ ఇటూ. ఇంకా నాలుగు లక్షల ఇరవై ఆరు వేల ఏళ్ళకి పైనే మిగిలి ఉంది. భాగవతం పన్నెండో స్కంధం చెప్పిన ప్రకారం కల్కి శంభల గ్రామంలో విష్ణుయశుడి ఇంట్లో పుట్టేది కలియుగం చివరన. ఈ లెక్క విన్నవాడికి భక్తి పుడుతుందా? "అబ్బో, చాలా టైముంది" అనిపిస్తుంది. ఇంకొకసారి అలారం స్నూజ్ చేస్తాడు, అంతే.

రెండోది, చాలా దగ్గర. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడు బైబిల్ లెక్కలు వేసి క్రీస్తు తిరిగి వచ్చే కాలం దగ్గరపడిందన్నాడు. ఆయన అనుచరులు చివరికి 1844 అక్టోబరు 22ని ఖాయం చేసుకున్నారు. వేలమంది నమ్మారు. కొందరు పొలంలో పంట తీయకుండానే వదిలేశారు. ఆ రోజు వచ్చింది, వెళ్ళింది. దానికి చరిత్రలో "మహా నిరాశ" అనే పేరు మిగిలింది. మనకి 2012 డిసెంబరు 21 గుర్తుండే ఉంటుంది. మాయన్ కేలెండర్ అయిపోతోంది, యుగాంతం వచ్చేస్తోంది అని టీవీల్లో ఎంత హడావుడి! మర్నాడు మామూలుగానే తెల్లారింది. ఎవరి కోపం వాళ్ళకే ఉంది, ఎవరి అప్పు వాళ్ళకే ఉంది.

తేదీ దూరమైతే బద్ధకం, దగ్గరైతే భయం. రెండిట్లోనూ మనిషి మారడు. రాక నిజం, ఘడియ మాత్రం తెలియదు అన్నప్పుడే మనిషి రోజూ సిద్ధంగా ఉంటాడు. మా టీమ్‌లో ఆన్-కాల్ డ్యూటీ ఉంటుంది. అలర్ట్ ఎప్పుడొస్తుందో తెలియదు. అలాగని వారమంతా ఎవరూ స్క్రీన్ వైపు చూస్తూ కూర్చోరు. అన్నం తింటాం, నిద్రపోతాం. లాప్‌టాప్ చార్జ్‌లో ఉంటుంది, ఫోన్ చేతికి అందేంత దూరంలో ఉంటుంది. తేడా అంతే. దేవుడి విషయంలో ఆ చార్జింగ్ ఏమిటన్నదే అసలు ప్రశ్న.

కాలజ్ఞానాన్ని మనం ఎలా చదువుతున్నాం?

2020లో కరోనా వచ్చినప్పుడు మీ అందరి ఫోన్లకీ ఒక ఫార్వర్డ్ వచ్చే ఉంటుంది. బ్రహ్మంగారు "కోరంకి" అనే జబ్బు గురించి ముందే చెప్పారని. దాన్ని చూసి ఆశ్చర్యపోయాం, నలుగురికీ పంపాం. తర్వాత? కాలజ్ఞానం పేరుతో ఎన్నో ప్రతులు, ఎన్నో పాఠాలు ప్రచారంలో ఉన్నాయి. ఏ మాట స్వామిది, ఏది తర్వాత చేరింది అనేది పండితులు తేల్చాల్సిన విషయం. నా బాధ అది కాదు. స్వామి మాటని మనం వార్తలాగా వాడుకుంటున్నాం. "చూశావా, చెప్పినట్టే జరిగింది" అనుకోవడంతో మన భక్తి ముగిసిపోతోంది.

యాగంటి బసవన్న సంగతి చూడండి. ఆ నంది విగ్రహం ఏటేటా పెరుగుతోందని, కలియుగం చివర లేచి రంకె వేస్తుందని అక్కడి నమ్మకం. వెళ్ళిన ప్రతివాళ్ళూ "ఈసారి ఎంత పెరిగింది?" అని అడుగుతారు. పోయినసారి వచ్చిన దానికీ ఈసారికీ నాలో ఓర్పు ఎంత పెరిగింది అని మాత్రం ఎవరం అడగం.

స్వామి ఎలా బతికారో చూస్తే ఇంకో బొమ్మ కనిపిస్తుంది. ఆయన బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఇంట్లో పశువుల కాపరిగా పనిచేశారు. ఆవుల్ని మేతకి వదిలి రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశారని చెప్తారు. తర్వాత కడప సీమలోని కందిమల్లాయపల్లె చేరి, గోవిందమ్మగారిని పెళ్ళాడి, కులవృత్తి చేసుకుంటూ సంసారం నడిపారు. దూదేకుల ఇంట పుట్టిన కుర్రాడిని శిష్యుడిగా చేర్చుకుని సిద్దయ్య అని పేరు పెట్టారు. మాదిగ కక్కయ్యకి కూడా తన దగ్గర చోటిచ్చారు. 17వ శతాబ్దంలో ఇది చిన్న విషయం కాదు. రాబోయే లోకం గురించి చెప్పిన మనిషి, ఆ లోకంలో మనుషులు ఒకరితో ఒకరు ఎలా ఉండాలో తన గడప దగ్గరే చేసి చూపించారు. కాలజ్ఞానంలో నాకు అన్నిటికంటే గట్టిగా వినిపించే మాట ఇదే.

పూలకి వెళ్ళిన సిద్దయ్య

స్వామి జీవసమాధిలోకి వెళ్ళింది 1693లో, వైశాఖ శుద్ధ దశమి నాడని సంప్రదాయం. ఇప్పటికీ ఆ తిథికి బ్రహ్మంగారి మఠంలో ఆరాధన జరుగుతుంది. ఆ రోజు కథ చాలామందికి తెలుసు. 1984లో వచ్చిన ఎన్టీఆర్ సినిమా పెద్దవాళ్ళు చూసే ఉంటారు. అయినా ఒక్కసారి నెమ్మదిగా గుర్తుచేసుకుందాం.

సమాధికి ముందు స్వామి సిద్దయ్యని పిలిచి బనగానపల్లె వెళ్ళి పూలు తీసుకురమ్మన్నారు. సిద్దయ్య వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. స్వామి లోపలికి వెళ్ళారు, పైన మూసేశారు. తక్కినవాళ్ళందరికీ చివరి దర్శనం దొరికింది. అందరికంటే దగ్గరివాడికే దొరకలేదు.

ఇప్పటి మన భాషలో చెప్పాలంటే అతను మెయిన్ ఈవెంట్ మిస్సయ్యాడు. అదీ ఎందుకు? పూల కోసం! అతని ఏడుపు ఎలాంటిదో ఊహించుకోండి. ఆ ఏడుపు విని స్వామి అతనికి సమాధానమిచ్చారని, ఉపదేశం చేసి తన పాదుకలు, దండం, కమండలం అతనికే ఇచ్చారని కథ చెబుతుంది.

నాకు ఈ కథలో రెండు విషయాలు కనిపిస్తాయి. సిద్దయ్య "ఇంత ముఖ్యమైన సమయంలో నన్ను పూలకి పంపుతారా?" అని వాదించలేదు. చెప్పిన పని చిన్నదా పెద్దదా అని కొలవలేదు. అదే వినయం. ఇక రెండోది, అతను గురువుని పోగొట్టుకున్నది నిర్లక్ష్యం వల్ల కాదు. గురువు చెప్పిన పనిలో ఉండగా. అలాంటివాడిని గురువు వదిలిపెట్టరు.

మనం ఎదురుచూపు అంటే గుమ్మంలో నిలబడి దారి వైపు చూడటం అనుకుంటాం. సిద్దయ్య ఎదురుచూపు వేరు. తనకి ఇచ్చిన పని పూర్తిచేసుకుని తిరిగి రావడమే అతని ఎదురుచూపు. మీ అమ్మగారికి రోజూ ఫోన్ చేయడం, జూనియర్‌కి విసుక్కోకుండా నేర్పించడం, చేతికి వచ్చిన పని దొంగతనం లేకుండా చేయడం. మనకి ఇచ్చిన పూలు ఇవే అనుకుంటాను. స్వామి వచ్చే వేళకి వీటిలో ఉంటే మనం దూరంగా ఉన్నట్టు కాదు.

శబరిని రాముడు ఏం అడిగాడు?

ఎదురుచూపు అనగానే మనకి శబరి గుర్తొస్తుంది. మతంగముని ఆశ్రమంలో, గురువులు వెళ్ళిపోయాక, రాముడు వస్తాడన్న మాట పట్టుకుని ఒంటరిగా ఉన్న ముసలామె. ఎంగిలి పళ్ళ కథ మనందరికీ ఇష్టం. అది తర్వాతి భక్తులు ప్రేమతో చేర్చుకున్న కథ. వాల్మీకి అరణ్యకాండలో ఆమె రాముడి కోసం అడవిలో దొరికేవి రకరకాలుగా సేకరించి ఉంచుతుంది, అంతే.

అయితే వాల్మీకంలో నన్ను ఆపేసిన చోటు ఇంకొకటి ఉంది. రాముడు రాగానే ఆమెని "నా కోసం ఎన్నేళ్ళు చూశావు?" అని అడగడు. విఘ్నాలు దాటావా, తపస్సు పెరుగుతోందా, కోపం అదుపులో ఉందా, ఆహారం నియమంగా ఉందా, వ్రతాలు సాగుతున్నాయా, మనసుకి సుఖంగా ఉందా, గురువులకి చేసిన సేవ ఫలించిందా. అడిగినవి ఇవీ.

ఒక్కసారి మన గుమ్మం దగ్గర ఊహించుకోండి. ఇంతకాలం ఎదురుచూసిన దేవుడు తలుపు తట్టాడు. మనం సంకేతాల లిస్ట్, యుగాల లెక్క, ప్రూఫ్‌లు అన్నీ పట్టుకుని వెళ్ళాం. ఆయన "కోపం తగ్గిందా నాన్నా?" అని అడిగాడు. ఏం చెప్తాం? లింగంపల్లి ట్రాఫిక్‌లో పొద్దున మనం అన్న మాటలు గుర్తొస్తాయి. ఈ ప్రశ్నలకి ముందురోజు రాత్రి చదివి జవాబు చెప్పలేం. ఏళ్ళ తరబడి రోజూ కొంచెం కొంచెంగా తయారయ్యే జవాబులవి.

పక్క సీట్లోని ఎదురుచూపు

ఈ విషయంలో నాకు కొంత కళ్ళు తెరిపించినవాడు ఆఫీసులో నా పక్కన కూర్చునే మెదక్ కుర్రాడు. వాళ్ళది క్రైస్తవ కుటుంబం. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలని వాళ్ళు ఆగమన కాలంగా పాటిస్తారు. అది పుట్టిన యేసుని తలుచుకోవడానికే కాదు, ఆయన తిరిగి రావడానికి సిద్ధపడటానికి కూడా అని అతనే చెప్పాడు. వాళ్ళ తెలుగులో దాని పేరు "రెండవ రాకడ". వాళ్ళ అమ్మగారు రోజూ తెల్లవారుజామున మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తారట. ఆ ప్రార్థనలో తన పిల్లల పేర్లు చివర, ఊళ్ళో కష్టంలో ఉన్నవాళ్ళ పేర్లు ముందు.

మత్తయి సువార్తలో యేసు చెప్పిన పదిమంది కన్యకల కథ అతని ద్వారానే నాకు బాగా అర్థమైంది. పెళ్ళికొడుకు కోసం పదిమంది దీపాలతో ఎదురుచూస్తారు. ఆలస్యమవుతుంది. అందరూ నిద్రపోతారు. తెలివైన ఐదుగురు కూడా! ఇది చాలామంది గమనించరు. అర్ధరాత్రి పెళ్ళికొడుకు వస్తున్నాడని కేక వినిపిస్తుంది. ఐదుగురి దగ్గర విడిగా నూనె ఉంది, ఐదుగురి దగ్గర లేదు. అప్పు అడిగితే దొరకదు. కొనుక్కొచ్చేలోపు తలుపు మూసేస్తారు.

నూనె అప్పు దొరకదన్న చోట నేను చాలాసేపు ఆగాను. మా అమ్మ చేసే పూజ నా లెక్కలో పడదు. మా తాతగారి నిష్ఠ నాకు ఆస్తిగా రాదు. వాళ్ళ దీపం వెలుగులో పెరిగాను, నిజమే. నా గిన్నెలో నూనె మాత్రం నేనే పోసుకోవాలి. నిద్రపోయినందుకు ఎవరినీ తప్పుపట్టలేదన్నది కూడా గుర్తుపెట్టుకోండి. ఇరవై నాలుగు గంటలూ భక్తిలో మునిగి ఉండలేకపోతున్నామని కుంగిపోయే వాళ్ళకి అది పెద్ద ఓదార్పు.

వాళ్ళ దేవుడు వేరు, మన దేవుడు వేరు అనే చర్చకి నేను వెళ్ళను. ఎవరి నమ్మకం వాళ్ళది, అన్నీ ఒకటేనని తేలిగ్గా చెప్పేయడం వాళ్ళకీ మర్యాద కాదు, మనకీ కాదు. కానీ ఎదురుచూసేవాడు ఎలా ఉండాలన్న చోట పక్కవాడి దగ్గర నేర్చుకోవడానికి మొహమాటం దేనికి? దూదేకుల సిద్దయ్యని శిష్యుడిగా చేసుకున్న స్వామి భక్తులం మనం.

గోల్కొండలో ఎవరికి కనిపించాడు?

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. అన్నీ చేసి, ప్రార్థించి, ఎదురుచూసి, తీరా ఆయన వచ్చినప్పుడు నాకు కనిపించకపోతే?

దీనికి నల్లగండ్ల నుంచి ఇరవై కిలోమీటర్లలోపే ఒక చోటు ఉంది. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానా. బ్రహ్మంగారు ఉన్న శతాబ్దమే అది. భద్రాచలం గుడి కోసం సర్కారు సొమ్ము ఖర్చుపెట్టాడని కంచర్ల గోపన్నని తానీషా ఖైదు చేశాడు. పన్నెండేళ్ళు అక్కడ ఉన్నాడంటారు. ఆ చీకట్లో రాముడిని బతిమాలాడు, పొగిడాడు, కోపం వచ్చినప్పుడు నిలదీశాడు కూడా.

చివరికి రాముడు వచ్చాడు. ఎవరి దగ్గరికి? కథ ప్రకారం రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు సేవకుల రూపంలో తానీషా పడకగదికి వచ్చి, ఆరు లక్షలు చెల్లించి, రసీదు తీసుకుని వెళ్ళారు. దర్శనం దొరికింది తానీషాకి. పన్నెండేళ్ళు పిలిచినవాడికి దొరికింది విడుదల కాగితం.

ఇది అన్యాయమా? మొదట్లో నాకూ అలాగే అనిపించింది. ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది. రామదాసు పిలవకపోతే ఆ రాత్రి తానీషా గుమ్మంలో రాముడు ఎందుకు ఉంటాడు? పిలుపు ఒకరిది, రాక ఇంకొకరి ఇంటికి. ప్రార్థన చేసినవాడికే ఫలం కనిపించాలనే నియమం ఎక్కడా లేదు. మెదక్‌లో ఆ తల్లి పొద్దున్నే చెప్పుకునే పేర్లలో ఎవరికి మేలు జరిగిందో ఆమెకి తెలియదు. తెలియకపోయినా మర్నాడు మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంటుంది. వినయంతో కూడిన విశ్వాసం అంటే నాకు అర్థమైనంతలో ఇదే. "నేను ఇంత చేశాను, నాకు కనిపించు" అనే ఇన్‌వాయిస్ పంపకపోవడం.

ఎదురుచూడటం చేతకానితనమా?

ఒక ఫ్రెండ్ నన్ను సూటిగా అడిగాడు. "ఎవరో వచ్చి అంతా సరిచేస్తారని కూర్చుంటే, మనం చేయాల్సింది ఎవరు చేస్తారు?" మంచి ప్రశ్న. రక్షకుడు వస్తాడన్న నమ్మకాన్ని మత్తుమందులా వాడుకునే ప్రమాదం నిజంగానే ఉంది. చెరువులో మురుగు కలుస్తుంటే "కలికాలం, అంతే" అని కిటికీ మూసేయడం భక్తి కాదు.

కానీ ఇంటికి చుట్టం వస్తున్నాడంటే మన ఇళ్ళల్లో ఎవరైనా ఖాళీగా కూర్చుంటారా? ఇల్లు ఊడుస్తారు, పెరుగు తోడేస్తారు, పక్క సర్దుతారు. రాకని నిజంగా నమ్మినవాళ్ళే ఎక్కువ పని చేస్తారు. అన్నీ ఇలాగే పోతాయి అనుకునేవాడికి ఊడవాల్సిన అవసరమేముంది? న్యాయం చివరికి గెలుస్తుందన్న నమ్మకం ఉన్నవాడికే ఈ రోజు చిన్న న్యాయం చేయడానికి ఓపిక ఉంటుంది.

ఈ రోజు నుంచి

పెద్ద పెద్ద దీక్షలు చెప్పను. నేను ప్రయత్నిస్తున్నవి నాలుగు చెప్తాను. వీలైతే మీరూ చేసి చూడండి.

పొద్దున ఫోన్ తీయకముందు పది నిమిషాలు. మీకు ఇష్టమైన నామం, మీకు వచ్చిన స్తోత్రం, ఏదైనా సరే. ఆ పది నిమిషాల్లో మీ కోరికల కంటే ముందు వేరే ముగ్గురి పేర్లు చెప్పండి. అందులో ఒకరు మీకు నచ్చని మనిషి అయితే ఇంకా మంచిది.

రాత్రి పడుకునే ముందు రాముడు శబరిని అడిగిన వాటిలో ఒక్క ప్రశ్న. "ఈ రోజు కోపం ఎలా ఉంది?" చాలు. ఎవరినైనా నొప్పించి ఉంటే తెల్లారాక ఆగకుండా ఒక మెసేజ్.

మీ టవర్‌లో వాచ్‌మన్, ఇంట్లో పనిచేసే అమ్మ, ఆర్డర్ తెచ్చే కుర్రాడు. పేరు తెలుసుకుని పేరుతో పిలవండి. మన కథల్లో దేవుడు రాజు వేషంలో వచ్చింది తక్కువ. పశువుల కాపరిగా, సేవకుడిగా వచ్చిందే ఎక్కువ. వస్తే ఏ గేటు దగ్గర ఆగుతాడో మనకేం తెలుసు?

ఇక చివరిది. ఈసారి కాలజ్ఞానం ఫార్వర్డ్ వస్తే పంపే ముందు ఒక్క నిమిషం ఆగండి. "ఇది చదివాక నేను ఏం మార్చుకుంటున్నాను?" అని అడగండి. జవాబు లేకపోతే పంపకండి. ఉంటే, ఫార్వర్డ్ పక్కన పెట్టి ముందు ఆ మార్పు మొదలుపెట్టండి.

స్వామి ఎప్పుడొస్తారో నాకు తెలియదు. వస్తారని మాత్రం నమ్ముతున్నాను. ఆ రోజు నేను పూల దారిలో ఉన్నా నాకు దిగులు లేదు. మీ పూలు ఏమిటో ఈ వారం ఒకసారి ఆలోచించుకోండి. వచ్చే వీడియోలో సిద్దయ్య గురించి ఇంకా వివరంగా మాట్లాడుకుందాం.

అందరికీ మేలు జరగాలి. స్వస్తి.